స్టార్ స్క్రూడ్రైవర్ అడిగితే ప్లస్ ఇచ్చారా? స్క్రూ తల చూసి సరైన బిట్ పట్టుకోవడం ఎలా

"స్టార్ స్క్రూడ్రైవర్ కొన్నాను, అయినా స్క్రూ కదలడం లేదండీ." ఈ ప్రశ్న నాకు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. ఫొటో పంపమంటాను. చూస్తే చేతిలో ఉన్నది ప్లస్, స్క్రూ మీద ఉన్నది ఆరు మొనల గుంట. ఇందులో షాపాయన తప్పేమీ లేదు. మన హార్డ్‌వేర్ షాపుల్లో స్టార్ అంటే ప్లస్ అనే అర్థం. నాలుగు రెక్కల దాన్నే మెకానిక్కులూ ఎలక్ట్రీషియన్లూ స్టార్ అంటారు. మీకు కావలసినది టార్క్స్. షాపులో ఆ మాటే వాడండి. అర్థం కాకపోతే "ఆరు మొనల స్టార్ బిట్, హార్డ్ డిస్క్ విప్పేది" అనండి, ఇస్తారు.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఇంకో చిక్కుంది. టార్క్స్ అనేది ఒక కంపెనీ ట్రేడ్ మార్క్. 1967లో అమెరికాలో క్యామ్‌కార్ అనే కంపెనీ ఈ ఆకారం తెచ్చింది. అందుకని మిగతా తయారీదారులు అదే వస్తువు మీద "6 లోబ్", "టీఎక్స్", "హెక్సలోబ్యులర్", "స్టార్ బిట్" అని రకరకాలుగా రాస్తారు. పేరు ఏదైనా బొమ్మలో ఆరు రేకల పువ్వు కనిపిస్తే మీరు వెతుకుతున్నది అదే.

ఏమేం కావాలి

- టి-5 నుంచి టి-30 దాకా ఉన్న టార్క్స్ బిట్ల సెట్. మొన మధ్యలో సన్నని రంధ్రం ఉన్న రకమైతే మంచిది, ఎందుకో కింద చెబుతాను. "ఎస్2" అని రాసిన ఉక్కు బిట్లు తీసుకోండి. మెత్తటి ఉక్కు బిట్లు నాలుగు గట్టి స్క్రూలు విప్పేసరికే మెలితిరుగుతాయి.
- బిట్ పట్టే పిడి. పెద్ద బిట్ల వెనక భాగం పావు అంగుళం, అంటే 6.35 మి.మీ. ఉంటుంది. ఫోన్లకూ ల్యాప్‌టాప్‌లకూ వాడే చిన్న బిట్లది 4 మి.మీ. ఒకదాని పిడి ఇంకొకదానికి పట్టదు, కొనేముందు చూసుకోండి.
- ఫోన్ టార్చి, గుండుసూది, పాత టూత్‌బ్రష్.
- తుప్పు వదిలించే స్ప్రే నూనె.
- తెల్ల కాగితం, సెలోటేప్. విప్పిన స్క్రూలు పెట్టడానికి.

హైదరాబాద్‌లో ఉంటే చిన్న బిట్లకు కోఠి గుజరాతీ గల్లీ, పెద్ద పనిముట్లకు రాణిగంజ్. విజయవాడ వాళ్లకు ఆటోనగర్ ఉండనే ఉంది. స్క్రూ ఒకటి విప్పగలిగితే జేబులో వేసుకుని వెళ్లి, అక్కడే బిట్ పెట్టి చూసి కొనండి.

1. ముందు స్క్రూ తల శుభ్రం చేయండి

అందరూ వదిలేసేది ఈ పనే. బైక్ మీదా సైకిల్ మీదా ఉన్న స్క్రూ గుంటలో మట్టి, గ్రీజు కలిసి గట్టిపడి ఉంటాయి. బిట్ సగమే దిగుతుంది. మనకు మాత్రం దిగినట్టే అనిపిస్తుంది. తిప్పగానే పై అంచులు చితికిపోతాయి. గుండుసూదితో ఆరు మూలలూ ఒక్కొక్కటిగా గీకండి. అడుగున లోహం మెరుపు కనిపించే దాకా వదలొద్దు. చివర్లో బ్రష్‌తో తుడవండి. ఒక్కో స్క్రూకు అర నిమిషం పడుతుంది, అంతే.

2. రేకలు లెక్కపెట్టండి

టార్చిని నేరుగా పైనుంచి వేయకండి. తల మెరిసి ఏమీ తెలియదు. పక్క నుంచి ఏటవాలుగా వేస్తే నీడ పడి గుంట ఆకారం స్పష్టంగా తేలుతుంది. ఫోన్ కెమెరాలో జూమ్ చేసి ఫొటో తీస్తే ఇంకా సులువు.

నాలుగు రెక్కలుంటే అది మన షాపుల "స్టార్", అసలు పేరు ఫిలిప్స్. కానీ ఆగి ఇంకోసారి చూడండి. రెక్కల మధ్య ఇంకో నాలుగు సన్నని గీతలుంటే అది పోజిడ్రైవ్. ఐకియా ఫర్నిచర్ బిగించినవాళ్లు దాన్ని చూసే ఉంటారు. దానికి "పీజెడ్" అని ఉన్న బిట్ కావాలి. నాలుగు రెక్కల పక్కన చిన్న చుక్క ఉంటే అది జపాన్ పద్ధతి తల. మామూలు ఫిలిప్స్ దాంట్లో పూర్తిగా కూర్చోదు. జపాన్ తయారీ బైక్‌ల కార్బురేటర్ స్క్రూలు ఊరికే అరిగిపోతాయని చాలామంది అనేది ఇందుకే.

ఐదు రేకలుంటే, నందివర్ధనం పువ్వులా ఉంటే, అది పెంటలోబ్. ఐఫోన్ అడుగున చార్జింగ్ రంధ్రానికి రెండు పక్కలా ఉండేవి ఇవే. మ్యాక్‌బుక్ అడుగు మూత మీద ఉండేది వీటిలోనే కాస్త పెద్ద సైజు. ఆరు మొనల బిట్‌ను ఐదు రేకల గుంటలో ఇరికించడానికి ప్రయత్నించకండి. ఆ స్క్రూలు గోరులో పదో వంతు ఉంటాయి, ఒక్క తిప్పుకే తల పోతుంది.

ఆరు వైపులుంటే తేనెపట్టు గదిలా నిటారు గీతలున్నాయా, పువ్వులా గుండ్రటి రేకలున్నాయా చూడండి. నిటారు గీతలైతే అలెన్ కీ. గుండ్రటి రేకలైతే టార్క్స్.

ఆరు రేకలుండి నడుమ చిన్న పిన్ నిలబడి ఉంటే అది సెక్యూరిటీ టార్క్స్. దానికి మొనలో రంధ్రమున్న బిట్ కావాలి. సైజు ముందు "టీఆర్" అని గానీ, సైజు తర్వాత "హెచ్" అని గానీ రాసి ఉంటుంది. ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్‌లో ఉండేది పిన్ ఉన్న టి-8. రంధ్రమున్న బిట్ పిన్ లేని మామూలు టార్క్స్‌కూ పనికొస్తుంది. అందుకే ఒకటే సెట్ కొనేటట్టయితే ఆ రకం కొనమన్నాను. బాగా బిగుసుకున్న స్క్రూకు మాత్రం రంధ్రం లేని గట్టి బిట్టే వాడండి, బోలుగా ఉన్న మొన విరగొచ్చు.

పన్నెండు మొనలుంటే? ఫోక్స్‌వ్యాగన్, ఆడీ కార్లలో ఇది తరచూ తగులుతుంది. ట్రిపుల్ స్క్వేర్ అంటారు. తొందరలో చూస్తే టార్క్స్‌లాగే ఉంటుంది, టార్క్స్ బిట్ అందులో దూరుతుంది కూడా. బిగింపు ఎక్కువగా ఉన్న బోల్టులకు వాడతారు కాబట్టి తప్పు బిట్‌తో తిప్పితే బోల్టు దక్కదు.

ఇంకో రకంలో గుంటే ఉండదు. బోల్టు తలే బయటికి నక్షత్రంలా ఉంటుంది. దానికి బిట్ కాదు, "ఇ" అక్షరంతో సైజు రాసిన సాకెట్ కావాలి.

3. సైజు: పెద్దదాని నుంచి చిన్నదానికి రండి

టి పక్కనున్న అంకె మిల్లీమీటర్లు కాదు. టి-25 అంటే 2.5 మి.మీ. అనుకుని కొని ఇబ్బంది పడినవాళ్లున్నారు. మొన నుంచి ఎదురు మొనకు ఇంచుమించుగా కొలతలివి:

టి-5: 1.4 మి.మీ.
టి-6: 1.7
టి-8: 2.3
టి-10: 2.7
టి-15: 3.3
టి-20: 3.9
టి-25: 4.4
టి-27: 5.0
టి-30: 5.5

చూడండి, టి-25కీ టి-27కీ తేడా అర మిల్లీమీటరు. టి-8కీ దాని తర్వాతి టి-9కీ తేడా అంతకంటే తక్కువ. కంటికి ఆనదు. అందుకే పద్ధతి ఒక్కటే: గుంటలో పట్టదనిపించే పెద్ద బిట్‌తో మొదలుపెట్టి ఒక్కో సైజూ తగ్గిస్తూ రండి. మొట్టమొదట పూర్తిగా దిగిన బిట్టే మీది. చిన్నదాంతో మొదలుపెడితే ఒక సైజు తక్కువది కూడా దిగుతుంది, పట్టినట్టే ఉంటుంది, తిప్పితే అరిగిపోతుంది.

ఎక్కడ ఏ సైజు ఎదురవుతుందో కొన్ని: డెస్క్‌టాప్ హార్డ్ డిస్క్ మూతకు ఎక్కువగా టి-8, ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్‌కు టి-6. సైకిల్ డిస్క్ బ్రేక్ పళ్లేనికి ఆరు టి-25 బోల్టులు. హార్డ్ డిస్క్ మూతకు చుట్టూ స్క్రూలన్నీ తీసినా రాకపోతే, పైనున్న లేబుల్ మీద వేలితో నొక్కుతూ వెళ్లండి. ఒకచోట గుంట తగులుతుంది, ఒక స్క్రూ అక్కడ దాగి ఉంటుంది. ఒక హెచ్చరిక: లోపలి ఫైళ్లు మీకు కావాలనుకుంటే హార్డ్ డిస్క్ మూత అసలు తీయకండి. లోపల దుమ్ము పడితే రికవరీ చేసేవాళ్లకు కూడా కష్టం.

4. తిప్పేముందు పరీక్ష

బిట్‌ను గుంటలో పెట్టి, బలం వేయకుండా రెండు వేళ్లతో అటూ ఇటూ కొద్దిగా ఊపండి. టార్క్స్ సరైన సైజు అయితే ఆట ఉండదు. స్క్రూ బయటే ఉంటే ఇంకా తేలిక: బిట్ మొనకు స్క్రూ తగిలించి అడ్డంగా పట్టుకోండి, జారకుండా నిలబడితే సైజు కుదిరినట్టే. ఊగుతోందంటే ఒక సైజు పెద్దది ప్రయత్నించండి, లేదా మొదటి మెట్టుకు తిరిగి వెళ్లి అడుగున ఇంకా మట్టి ఉందేమో చూడండి.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు అలెన్ కీ. టి-25 గుంటలో 3 మి.మీ. అలెన్ కీ దూరుతుంది, కాస్త పట్టినట్టు కూడా ఉంటుంది. మా అబ్బాయి సైకిల్ డిస్క్ పళ్లెం ఒక షాపులో అలా విప్పబోయి ఆరు బోల్టుల్లో రెండింటి తలలు గుండ్రంగా అరగదీశారు. ఇంటికి తెచ్చాక చూస్తే గుంట లోపల రేకల స్థానంలో మెరిసే వలయం. ఆ రెండు బోల్టులు తీయడానికి నాకు ఒక సాయంత్రం మొత్తం పట్టింది. సరైన కీ ఖరీదు ఆ పళ్లెం ఖరీదులో చిన్న ముక్క. అందుకే ఈ విషయం ఇంత గట్టిగా చెబుతున్నాను.

5. విప్పడం

ప్లస్ గుంట గోడలు ఏటవాలుగా ఉంటాయి, తిప్పిన కొద్దీ బిట్ పైకి జారుతుంది. అందుకే ప్లస్‌కు బలంలో ఎక్కువ భాగం నొక్కడానికి, తక్కువ భాగం తిప్పడానికి వాడాలి. టార్క్స్ గోడలు నిటారుగా ఉంటాయి. అంత నొక్కనక్కర్లేదు, కానీ బిట్ నిలువుగా ఉండి తీరాలి. కాస్త వంగినా ఒక పక్క రేకల మీదే భారమంతా పడుతుంది.

ఎడమవైపు, అంటే గడియారం ముళ్లకు ఎదురుగా తిప్పండి. ఒక చోట మాత్రం తిరగబడుతుంది. ముందుకూ వెనక్కూ తిరిగే డ్రిల్ మిషన్ చక్ (బిట్‌ను పట్టుకునే ముందు భాగం) లోపల, దవడలు పూర్తిగా తెరిస్తే అడుగున ఒక స్క్రూ కనిపిస్తుంది. అది చాలా మిషన్లలో ఎడమ మర స్క్రూ. కుడికి తిప్పితేనే వదులవుతుంది. ఇది తెలియక ఎడమకు తిప్పి తిప్పి ఇంకా బిగించేస్తారు.

విప్పిన ప్రతి స్క్రూనూ కాగితం మీద వేసిన బొమ్మలో దాని చోటే పెట్టి టేపు అంటించండి. ఫోన్లలో ఇది తప్పనిసరి. పక్కపక్కనే ఉన్న స్క్రూలు ఒక మిల్లీమీటరులో భాగమంత పొడవు తేడాతో ఉంటాయి. పొడవుది పొట్టి దాని చోట బిగిస్తే అది బోర్డులోకి దిగి లోపలి తీగల్ని తెంపేస్తుంది. తర్వాత ఆ ఫోన్ ఎందుకు లేవడం లేదో ఎవరికీ అంతుపట్టదు.

6. కదలకపోతే

బలం పెంచకండి. ముందు స్ప్రే నూనె ఒక్క చుక్క వేసి పావుగంట ఆగండి. తర్వాత బిట్‌ను గుంటలో నిలబెట్టి సుత్తితో పైనుంచి రెండు మూడు సార్లు చిన్నగా తట్టండి. ఆ అదురుకు తుప్పు పట్టు వదులుతుంది. ఆ పైన ముందు కుడికి వెంట్రుకవాసి బిగించి, అప్పుడు ఎడమకు తిప్పండి. చాలా స్క్రూలు ఇక్కడే లొంగుతాయి.

మర మీద నీలం రంగు లోపల ఎండి కనిపిస్తే అది మరలు వదులు కాకుండా రాసే జిగురు. నూనెకు అది కరగదు. టంకం వేసే ఇనుమును తల మీద ఒక నిమిషం ఆనించి వేడి చేస్తే మెత్తబడుతుంది. చుట్టూ ప్లాస్టిక్ గానీ బ్యాటరీ గానీ ఉంటే ఈ పని వద్దు.

బ్రేక్ పళ్లెం దగ్గర స్ప్రే నూనె అసలు వాడొద్దు. ఒక్క తుంపర ప్యాడ్ మీద పడినా బ్రేకు పట్టదు, ప్యాడ్లు మార్చుకోవాల్సి వస్తుంది. తప్పదనుకుంటే చక్రం విప్పి పక్కకు తెచ్చి, దూది పుల్లతో బోల్టు మీద మాత్రమే అద్ది, చివర్లో పళ్లెమంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

7. తల ఇప్పటికే అరిగిపోతే

ఒక సైజు పెద్ద టార్క్స్ బిట్ తీసుకుని అరిగిన గుంటలో సుత్తితో కొట్టి దించండి. టి-25 అరిగితే టి-27. ఇదే ఉపాయం అరిగిన అలెన్ బోల్టుకూ పనిచేస్తుంది. 4 మి.మీ. అలెన్ గుంట గుండ్రబడితే టి-25, అది కూడా ఊగితే టి-27 కొట్టి దించండి. మొనలు మెత్తటి గోడల్లో కొత్త గాళ్లు కోసుకుని పట్టు దొరుకుతుంది. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి, గట్టి ఉక్కు చిట్లి ఎగరొచ్చు. ఇది ఇనుప, అల్యూమినియం భాగాలకే. ల్యాప్‌టాప్ మీద సుత్తి వాడకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

చిన్న పరికరాల్లో అయితే ప్లేయర్‌తో తల అంచు పట్టుకుని తిప్పడం, లేదా హ్యాక్సా బ్లేడు ముక్కతో తల మీద అడ్డంగా గాడి కోసి మైనస్ పెట్టి తిప్పడం. అదీ కుదరకపోతే తలను డ్రిల్ చేసి తీసేయడమే.

సెక్యూరిటీ టార్క్స్ నడుమ పిన్‌ను చిన్న మైనస్‌తో కొట్టి విరిచేయవచ్చని వీడియోల్లో చూపిస్తారు. విరుగుతుంది నిజమే, కానీ ముక్క ఎటు పోతుందో తెలియదు. రంధ్రమున్న బిట్ దొరికే వస్తువే, దాన్ని తెప్పించుకోండి.

ఇక్కడ ఒక మాట శ్రద్ధగా వినండి. మైక్రోవేవ్ ఓవెన్ వెనక పిన్ ఉన్న స్క్రూ కనిపిస్తే, సరైన బిట్ చేతిలో ఉన్నా ఆగిపోండి. లోపలి కెపాసిటర్ (కరెంటును నిల్వ ఉంచే భాగం) రెండు వేల వోల్టులకు పైగా పట్టి ఉంచగలదు, ప్లగ్ పీకేశాక కూడా. దాన్ని తాకి ప్రాణాలు పోయినవాళ్లున్నారు. అది నేర్చుకున్న మనిషి చేయాల్సిన పని.

8. తిరిగి బిగించడం

ప్లాస్టిక్‌లో కూర్చునే స్క్రూ అయితే నేరుగా కుడికి తిప్పకండి. ముందు చాలా తేలిగ్గా ఎడమకు తిప్పుతూ ఉండండి. ఒకచోట స్క్రూ "టిక్" మని కొద్దిగా కిందికి జారుతుంది. పాత మర మొదలు అక్కడే. అక్కడి నుంచి కుడికి తిప్పితే పాత దారిలోనే దిగుతుంది. ఇలా చేయకపోతే ప్రతిసారీ కొత్త మర కోసుకుంటుంది, మూడు నాలుగుసార్లకు ప్లాస్టిక్ పొడై స్క్రూ తిరుగుతూనే ఉంటుంది. మిక్సీలు, రిమోట్లు, డ్రిల్ మిషన్ల మూతలు అన్నిటికీ ఇదే.

టార్క్స్ పట్టు గట్టిది కాబట్టి మన చేతికి తెలియకుండానే ఎక్కువ బిగిస్తాం. ప్లస్ అయితే జారి ఆపేది, ఇది జారదు. స్క్రూ తల ఆనగానే చిన్న స్క్రూలకు ఎనిమిదో వంతు తిప్పు చాలు. సైకిల్ పళ్లేనికి బ్రేకుల కంపెనీ షిమానో చెప్పేది 2 నుంచి 4 న్యూటన్ మీటర్లు (బిగింపు బలానికి కొలత), ఇంకో కంపెనీ స్రామ్ చెప్పేది 6.2. పళ్లెం మీదే చాలాసార్లు అంకె ముద్రించి ఉంటుంది. ఆరు బోల్టులనూ ముందు వేళ్లతో ఆనేదాకా తిప్పి, తర్వాత ఎదురెదురుగా బిగించండి: 1, 4, 2, 5, 3, 6. వరసగా చుట్టూ బిగిస్తే పళ్లెం ఒక పక్కకు లాగుతుంది.

9. సరిగా వచ్చిందో లేదో చూసుకోవడం

ప్రతి తల మీదా టార్చి వేసి చూడండి. రేకల అంచులు పదునుగానే ఉండాలి. లేచిన లోహపు పొరలు కనిపిస్తే బిట్ సైజు ఒకటి తక్కువ వాడారు. ఆ స్క్రూ ఇప్పుడే మార్చేయండి, వచ్చేసారి అది ఊడి రాదు.

కాగితం మీద ఒక్క స్క్రూ కూడా మిగలకూడదు. మూత అంచుల చుట్టూ గోరుతో గీస్తూ వెళ్లండి, ఎక్కడైనా సందు తగిలితే లోపల వైరు నలిగి ఉండొచ్చు, విప్పి చూడాలి.

సైకిల్ అయితే చక్రం పైకెత్తి తిప్పి, చెవి దగ్గర పెట్టి వినండి. ఒక చుట్టులో ఒకేచోట "స్స్" మంటే పళ్లెం అక్కడ వంకరగా కూర్చుంది. బోల్టులు వదులు చేసి మళ్లీ ఎదురెదురుగా బిగించండి. శబ్దం లేకపోతే ప్రతి బోల్టు తల నుంచి పళ్లెం మీదికి పెయింట్ పెన్నుతో ఒక సన్నని గీత గీయండి. వారం తొక్కాక చూడండి. గీత విరిగి పక్కకు జరిగి ఉంటే ఆ బోల్టు వదులవుతోంది. దాన్ని తీసి నీలం జిగురు ఒక చుక్క రాసి మళ్లీ బిగించండి.